పెసరపాల గ్లాసు

మా ఆవిడ లాయ్ నన్ను కుర్చీకి కట్టేసి పొయ్యి ముట్టించడానికి వెళ్ళింది. కట్టేయడం అంటే పెద్దగా ఏం కాదు, తన పాత ఊలు కండువా నా నడుం చుట్టూ తిప్పి వెనకాల ముడేస్తుంది, అంతే. మాది కొండల ఊరు, మా సందు ఏటవాలు. దలాత్‌లో ఏటవాలు కాని చోటు ఎక్కడుంది గనక. కుడివైపు ఒళ్ళు నా మాట వినడం మానేసి రెండేళ్ళయింది. కట్టకపోతే మెల్లగా జారుతూ జారుతూ కిందికి పోతాను, ఒకసారి అలాగే జారి మురిక్కాలవ పక్కన పడుంటే పూలమ్ముకునే ఆవిడెవరో చూసి కేకేసింది. అప్పట్నుంచీ ఈ కండువా. సాయంత్రం నాలుగవుతోంది. పొద్దున మంచు, మధ్యాహ్నం చినుకు, ఇప్పుడు రెండూ కాని తడి. లాయ్ అమ్మకానికి మూడు రకాలూ వరసగా పెట్టింది, ఒక గిన్నెలో సోయా పాలు, ఒక గిన్నెలో పెసరపాలు, ఆ చివర కెటిల్లో ఆర్టిచోక్ పువ్వు మరిగించిన నీళ్ళు. పెసరపాలు కాగుతుంటే వాటిల్లో వేసిన వాసనాకు గుప్పుమంటోంది. ఆ వాసనొస్తే చాలు, మలుపు దగ్గర కిరాయి మోటారుసైకిలు ఆపుకుని కూర్చునే సావ్ తల తిప్పి చూస్తాడు, వదిన పాలు పెట్టిందన్నమాట అని.

"ఏమయ్యా, చలేస్తోందా?" అంది లాయ్, వెనక్కి తిరక్కుండానే.

"రేపు," అన్నాను.

"సరే, టోపీ పెడతానుండు."

నేను చెప్పాలనుకున్నది లేదు అని. నాకు మిగిలింది ఈ ఒక్క మాటే. తిన్నావా అంటే రేపు, ఒంటికి వెళ్ళాలా అంటే రేపు, మీ పేరేమిటండీ ఖియెమ్ గారూ అని డాక్టరు నవ్వుతూ అడిగితే రేపు. తలలో అన్ని మాటలూ ఉన్నాయి. రాత్రి నానబోసిన గింజల్లో చెయ్యి పెడితే వేళ్ళకి తగుల్తాయి చూడండి, అలా తగుల్తూనే ఉంటాయి. గుప్పిట పైకి తీస్తే మాత్రం ఎప్పుడూ ఇదొక్కటే. ఆ పొద్దున తలలో నరం చిట్లినప్పుడు నేను ఏదో చెబుతున్నాను, రేపు బస్తా తేవాలనో, రేపు పొయ్యి బాగుచేయించాలనో, నోరు అక్కడే ఆగిపోయింది. లాయ్ ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, తర్వాత తనే ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రశ్న తనే వేస్తుంది, జవాబూ తనే చెప్పుకుంటుంది. పదింటికి ఏడు సరిగ్గానే చెబుతుంది, తప్పేముంది. ఆ మిగతా మూడింటికీ చలి లేకపోయినా టోపీ పెట్టించుకుంటాను.

పసుపుపచ్చ వానకోటు వేసుకుని ఒక తెల్ల పిల్ల సందు ఎక్కి వస్తోంది. అరగంట నుంచి చూస్తున్నాను ఆ పిల్లని. కింద మలుపులో చెరుకు రసం తాగింది. దాని పైన అవకాడో బండి దగ్గర ఆగింది, గ్లాసులో స్పూను పెట్టి గోకి గోకి తాగింది. తర్వాత ఉసిరికాయ నానేసిన నీళ్ళమ్మే ముసలమ్మ దగ్గర ఒక్క గుక్క తాగి మొహం అంతా ముడుచుకుపోతే, ముసలమ్మ చప్పట్లు కొట్టి నవ్వింది. ప్రతిచోటా చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటుంది. ఇప్పుడు మా దగ్గరికే. పాతికేళ్ళుంటాయేమో. ముక్కు ఎర్రగా ఉంది, జలుబు. మా పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"కూర్చో తల్లీ, కూర్చో. తడిసి ముద్దయ్యావు. వేడివేడిగా ఒకటి తాగావంటే జలుబు ఎగిరిపోతుంది," అంటోంది లాయ్, మా భాషలోనే. ఎవరొచ్చినా మా భాషలోనే మాట్లాడుతుంది, అర్థం కాకపోవడం అవతలివాళ్ళ ఇష్టం అన్నట్టు. ఆ పిల్ల నవ్వి సోయా పాల గిన్నె చూపించింది. తాగింది. రాసుకుంది. నా వైపు చూసి తలొంచి నమస్కారం పెట్టింది, మంచి పిల్ల, నేను ఎడమ చెయ్యి ఎత్తాను. అంతలో ఆ పిల్ల ఫోను మోగింది, అద్దంలో ఒకావిడ మొహం, నెరిసిన జుట్టు, వెనకాల వంటింటి కిటికీ.

"అమ్మా, వినిపిస్తోందా?"

నా చేయి గాల్లోనే ఉండిపోయింది. ఆ భాష. విని ముప్పై ఐదేళ్ళు. ఇరవై రెండో ఏట మా నామ్‌దిన్ నుంచి నలభై మందిమి వెళ్ళాం, గవర్నమెంటు వాళ్ళు పంపితే, విమానం దిగేదాకా బల్గేరియా అంటే ఊరో దేశమో సరిగ్గా తెలియదు మాలో సగం మందికి. ప్లోవ్‌దివ్ పట్నంలో పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీ, ఆరేళ్ళు, పీచ్ పళ్ళ కాలంలో మోచేతుల దాకా పాకం అంటుకుని జిగటజిగటగా, దుప్పటి కూడా చేతికి అతుక్కునేది. ఇక్కడికొచ్చాక ఆ భాషతో ఎవరికి పని. దాచుకున్నానని కూడా తెలియదు నాకు. ఇప్పుడు ఆ పిల్ల అమ్మా అనగానే మూలపడిన గది తలుపు తీసినట్టు అన్ని మాటలూ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్కటీ చెదరలేదు.

"ఇది నాలుగోదమ్మా ఇవాళ," అంటోంది ఆ పిల్ల. "ఇప్పుడు గింజల పాలు. ఇంకో రకం కూడా ఉంది, పచ్చగా, అది తాగుతాను."

"ఏం గింజలు? అడిగావా?"

"ఇది సోయా అని తెలిసింది. ఆ రెండోది అడుగుతాలే. ప్రతిచోటా అడుగుతూనే ఉన్నాగా."

"ఇంజెక్షన్ దగ్గరుందా?"

"హోటల్లో ఉంది, నీలం సంచీలో. హోటలు ఇక్కడికి మూడు సందులేనమ్మా."

"రలిత్సా, వేరుశెనగ గింజ ఒక్కటి చాలు నీకు. ఒక్కటి. వాసన చూసి తాగు."

"ముక్కు మూసుకుపోయింది, ఏ వాసనా తెలియట్లేదు," అని నవ్వింది. "అడిగే తాగుతా. ఉంటా మరి."

వేరుశెనగ. పెసరపాల గిన్నె వైపు చూశాను. అందులో ఉంది. పెసలకి నాలుగో వంతు వేరుశెనగ గుళ్ళు, దోరగా వేయించి, పొట్టు ఊదేసి, కలిపి రుబ్బాలి, చిక్కదనం దానివల్లే వస్తుంది. ఆ ఉపాయం నాదే. ఇరవై ఏళ్ళ కిందట ఒక వానాకాలం బేరాలు లేక కూర్చున్నప్పుడు నేనే కలిపి చూశాను, లాయ్ ఒక గుక్క తాగి, గ్లాసు మొత్తం ఖాళీ చేసి, ఇది ఎవరికీ చెప్పకు అంది. ఎవరికీ చెప్పలేదు. చూస్తే పెసరపాలే, పచ్చటి రంగు, వాసనాకు ఘుమఘుమ, లోపల ఏముందో మా ఇద్దరికే తెలుసు.

అడుగుతుందిగా. అడిగితే లాయ్ చెబుతుంది, ప్రాణం మీదికొస్తుందంటే గుట్టు దాచుకునే మనిషి కాదు. ఆ పిల్ల ఫోనులో ఏదో మాట్లాడి లాయ్ ముందు పెట్టింది. ఫోను మా భాషలో పలికింది, ఆడగొంతు, రేడియోలో వార్తలు చదివే హనోయ్ యాస.

"లాక్ ఉందా?"

మా ఉత్తరాన వేరుశెనగని లాక్ అంటాం. దారి తప్పిపోవడాన్నీ లాక్ అనే అంటాం. లాయ్ దక్షిణాది డెల్టా పిల్ల, బెన్‌చే కొబ్బరితోటల్లో పుట్టింది, వాళ్ళకి వేరుశెనగ అంటే దౌ ఫోంగ్. లాక్ అంటే వాళ్ళకి తప్పిపోవడం ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో నేను లాక్ తెమ్మంటే, ఎవరు తప్పిపోయారండీ మీ ఇంట్లో అని బేరగాళ్ళ ముందు ఎగతాళి చేసేది. గిన్నెకి మాదొక మాట, వాళ్ళదొక మాట. చెంచాకి, అనాసపండుకి కూడా అంతే. ఎందుకొచ్చిన గొడవని ఒక్కొక్కటే వదిలేశాను. ఏడాది తిరిగేసరికి అన్నీ ఆవిడ మాటలే నా నోట్లో, మా అమ్మ చూడ్డానికి వచ్చి, వీడు మా పిల్లాడేనా అంది. ముప్పై ఏళ్ళుగా ఆ మాట మా ఇంట్లో లేదు. నేనే లేకుండా చేశాను.

లాయ్ జాలిగా నవ్వింది. "లేదమ్మా లేదు, లాక్ లేదు! ఎక్కడికి తప్పిపోతావు, ఇదే సందు, తిన్నగా దిగితే మార్కెట్టు, ఎవర్నడిగినా చెబుతారు." అప్పటికే ఫోను లాక్ లేదు అన్నంతవరకూ అందుకుని ఆ పిల్ల భాషలో పలికేసింది. వేరుశెనగలు లేవు. ఆ పిల్ల బొటనవేలు పైకెత్తి చూపించింది. లాయ్ కూడా బొటనవేలు పైకెత్తింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

"రేపు," అన్నాను. "రేపు! రేపు!"

"వస్తున్నానయ్యా, అమ్మాయికి పోసి వస్తా, పాలేగా నీక్కావాల్సింది," అంటూ గరిటెతో పెసరపాలు గ్లాసులోకి పోస్తోంది లాయ్.

తల ఊపాను, అడ్డంగా, గట్టిగా, వద్దు వద్దు వద్దని, మెడ పట్టేసేలా. ఆ పిల్ల నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసింది, మొహం వెలిగింది. అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళ దేశంలో తల అడ్డంగా ఊపితే అవును అని. ఫ్యాక్టరీలో మా వరసకి మేస్త్రి రాద్కా అని ఒకావిడ ఉండేది, యాభై దాటిన మనిషి, మొదటి రోజు మిషను ఎలా నడపాలో చెప్పి అర్థమైందా అంది. నేను బుద్ధిగా తల నిలువుగా ఊపాను. మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. మళ్ళీ ఊపాను. ఆరుసార్లు చెప్పి, ఏడోసారి ఖాళీ పెట్టె మీద కూలబడి తల పట్టుకుంది. ఆ తర్వాత ఎవరో చెబితే ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. నిలువుగా అయితే కాదు, అడ్డంగా అయితే అవును. అయితే ఈ పిల్లకి నిలువుగా ఊపాలి. పైకీ కిందికీ, పైకీ కిందికీ ఊపాను. లాయ్ మురిసిపోయి, "చూడు చూడు, మా ముసలాయన కూడా తాగమంటున్నాడు," అంది. ఆ పిల్ల కూడా నవ్వుతూ నిలువుగా ఊపింది, మా దేశం వచ్చి ఎన్నాళ్ళయిందో, మా పద్ధతి నేర్చేసుకుంది. ఎటు ఊపినా తాగమనే. నా తల నేను ఎటు తిప్పినా ఆ గ్లాసు వైపుకే తిరుగుతోంది.

లాయ్ గ్లాసు ఆ పిల్ల చేతికిచ్చింది. ఎడమ చెయ్యి చాపాను. కండువా లాగి పట్టింది. ఇంకొంచెం వంగాను, కుర్చీ కిర్రుమంది, గ్లాసు అందలేదు, వానకోటు చెయ్యి అందింది, పట్టుకున్నాను. లాయ్ గబగబా వచ్చింది. "ఛీ, ఏం పని ఇది! ఆడపిల్ల చెయ్యి పట్టుకుంటారా ఎవరైనా? వదులు. వదులంటున్నానా!" ఒక్కొక్క వేలూ విప్పింది. చిటికెన వేలు చివరిది. నా చేతిని నా ఒళ్ళో పెట్టి, జోకొట్టినట్టు రెండుసార్లు తట్టింది. సిగ్గుతో ఎర్రబడిన మొహంతో మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆ పిల్ల మాత్రం ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపి, స్టూలు నా దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ముసలివాళ్ళతో మాట్లాడ్డం తెలిసిన పిల్ల. తన భాషలోనే, నాకు అర్థమవుతుందని కాదు, ఊరికే గొంతులో దయ వినిపించాలని, "ఏంటి తాతా? ఏం కావాలి?" అంది.

తాగొద్దమ్మా. ఆ మాట ఆ భాషలో నాకు తెలుసు. మిషను కింద చెయ్యి పెట్టబోతే రాద్కా అరిచేది ఆ మాటే, పెట్టొద్దు, ముట్టుకోవద్దు, వద్దు. నా దగ్గరున్న బలమంతా కూడదీశాను. ఆ గది తలుపు తెరిచే ఉంది, మాటలన్నీ వరసగా నిలబడే ఉన్నాయి, ఒక్కదాన్ని పట్టుకుని లాగాలి, రేపు కాదు, రేపు కాదు, ఇంకోటి. నాలిక కదిలింది. రెండేళ్ళలో మొదటిసారి నా నోట్లోంచి వేరే మాట బయటపడింది, స్పష్టంగా, గట్టిగా, పక్క బండివాడు కూడా తిరిగి చూసేలా.

"నజ్‌ద్రవే!"

వాళ్ళ దేశంలో గ్లాసు ఎత్తి తాగేముందు అనే మాట. శనివారం షిఫ్టు అవగానే రాద్కా ఆల్బుఖారా పళ్ళ సారా తెచ్చేది, పదిమందిమి గ్లాసులు ఎత్తి ఒకేసారి అరిచేవాళ్ళం, ఆరేళ్ళు, వారం తప్పకుండా. నాలిక ఏ దారి ఎక్కువసార్లు తొక్కిందో ఆ దారినే పోయింది. ఆ పిల్ల కెవ్వుమంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "తాతా! మీకు మా భాష వచ్చా? ఎక్కడ? ఎప్పుడు? అయ్యో దేవుడా!" కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లాయ్ గరిటె వదిలేసి పరుగెత్తుకొచ్చింది, మాట్లాడాడు, మా ఆయన మాట్లాడాడు, సావ్, విన్నావా, మాట్లాడాడు అని అరుస్తోంది. నాకు ఇంకో మాట కావాలి. ఒక్కటి. ఇంకొక్కటి. "నజ్‌ద్రవే," అన్నాను మళ్ళీ. "నజ్‌ద్రవే, నజ్‌ద్రవే." ఏడుస్తున్నాను. సంతోషమనుకున్నారు. ఆ పిల్ల గ్లాసు రెండు చేతులా పైకెత్తి, నా కళ్ళల్లోకి చూసి, "నజ్‌ద్రవే, తాతా!" అని, నా మీద గౌరవం కొద్దీ ఆపకుండా సగం గ్లాసు తాగేసింది.

తర్వాత జరిగినదానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ముందు పెదవి గోక్కుంది. ఇంకా నవ్వుతూనే, ఏ ఊరు తాతా, ప్లోవ్‌దివా, సోఫియానా అని అడుగుతూనే గోక్కుంది. తర్వాత మెడ. మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేస్తుంటే నేను చూశాను, తను చూసుకోలేదు. దగ్గింది. గ్లాసులోకి చూసింది. లాయ్ వైపు చూసింది, ఆ చూపులో కోపం లేదు, ఒక ప్రశ్న ఉంది. కళ్ళు ఉబ్బుతున్నాయి. ఫోనులో ఏదో కొట్టింది, ఆ హనోయ్ గొంతు ప్రశాంతంగా చెప్పింది, నాకు ఊపిరి ఆడటం లేదు, మందు హోటల్లో నీలం సంచీలో ఉంది. లాయ్ ఒక్క అరుపు అరిచింది. సావ్ బండి అప్పటికే స్టార్టయింది. "ఎక్కించు వదినా, వెనక కూర్చుని గట్టిగా పట్టుకో, పడిపోనీకు!" ముగ్గురూ ఒకే బండి మీద, మధ్యలో పసుపు వానకోటు, దాన్ని వెనకనుంచి కావిలించుకున్న లాయ్ చేతులు. లాయ్ చెప్పు ఒకటి రోడ్డు మీద ఉండిపోయింది. మలుపు తిరిగారు. హారన్ కొంతదూరం వినిపించింది, తర్వాత లేదు.

నేనూ, పొయ్యీ, ఆ సగం గ్లాసూ.

మంట ఎక్కువగా ఉంది. పెసరపాలు అంచు దాకా వచ్చి, పొంగి, పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి. రెండడుగుల దూరం. నేను పుట్టించిన పాలు నా కళ్ళ ముందే మాడుతున్నాయి, లేచి ఒక మర తిప్పలేను. కాలేజీ పిల్లలిద్దరు వచ్చారు, గొడుగు కింద. "తాతా, పాలున్నాయా?" అంది అమ్మాయి. "రేపు," అన్నాను. "ఓ, ఇవాళ కట్టేశారా," అని వెళ్ళిపోయారు. ఒరే, పొయ్యి కట్టేయండిరా. నా కొడుకుల్లారా, పొయ్యి మండుతోంది, అక్కడ ఒక పిల్ల చచ్చిపోతోంది. వాళ్ళు నవ్వుకుంటూ దిగిపోతున్నారు. ఇందాక నేను నోరు మూసుకుని ఉండుంటే? ఏమో, చల్లారాక తాగేదేమో, ఒక గుక్క తాగి ఏదో తేడాగా ఉందని ఆపేదేమో. ఉసిరి నీళ్ళు ఒక్క గుక్కతో ఆపింది కదా. నా మాట విని సగం తాగింది. రెండేళ్ళు ఒక్క మాట కోసం దేవుళ్ళందరికీ మొక్కింది లాయ్, అగరొత్తులు పెట్టింది, గుడిలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఇచ్చారు. ఇదిగో, ఇచ్చారు.

ఫోను మోగింది. ఆ పిల్ల ఫోను, బల్ల మీద, గ్లాసు పక్కనే వదిలేసి వెళ్ళింది. అద్దం మీద వాళ్ళ అక్షరాలు, నాకు చదవడం వచ్చు, అమ్మ అని ఉంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆ పిల్ల లేచినప్పుడు బల్ల నా వైపు జరిగినట్టుంది, ఎడమ చేతికి అందుతోంది. ఎందుకు తీశానో తెలియదు. అలా మోగుతుంటే ఊరుకోలేకపోయాను. బొటనవేలితో తోశాను, పచ్చ గుర్తు కదిలింది, నెరిసిన జుట్టావిడ ప్రత్యక్షమైంది.

"రలిత్సా, నీకో సంగతి చెప్పడం..." ఆగింది. "ఎవరు మీరు? మా అమ్మాయేది?"

నోరు తెరుచుకోబోయింది. ఏం వస్తుందో నాకు తెలుసు. ఈ నోట్లో ఇప్పుడు రెండు మాటలున్నాయి, ఆ తల్లికి వినిపించకూడనివి ఆ రెండే. ఫోనుని గ్లాసుకి ఆనించి ఎడమ అరచేత్తో నోరు గట్టిగా మూసుకున్నాను. రెండేళ్ళుగా మాట రావాలని పెనుగులాడిన వాణ్ణి, ఇప్పుడు రాకుండా ఉండాలని పెనుగులాడుతున్నాను. ఆవిడ నా మొహం చూసింది, చెంపల మీద నీళ్ళు చూసింది, నా భుజం వెనకాల ఖాళీ స్టూలు చూసింది. అంతా అర్థమైపోయింది. ఏ భాష కావాలి దానికి. "అయ్యో," అంది. "అయ్యో, తాగింది, తాగింది." కుర్చీలో కూలబడింది, వంటింటి కిటికీ లోంచి వాళ్ళ మధ్యాహ్నపు ఎండ ఆవిడ జుట్టు మీద పడుతోంది. నేను నోటి మీంచి చెయ్యి తీసి, ఫోనుని మెల్లగా తిప్పి, సందు కనబడేలా పెట్టాను, వాళ్ళు వెళ్ళిన మలుపు వైపు. ఇంతకన్నా నేను చేయగలిగింది ఏముంది. ఆవిడా చూస్తుంది, నేనూ చూస్తాను. తడి రోడ్డు, లాయ్ చెప్పు, గొడుగులు.

ఆవిడ మాట్లాడుతోంది. నాతో అని కాదు. ఎవరికీ అర్థం కాదనుకుని మాట్లాడే మాటలు. ఆ పిల్ల నాలుగేళ్ళప్పుడు పక్కింటి పెళ్ళిలో ఒక మిఠాయి తిందట, మొహం నీలంగా మారితే మంచు పడుతున్న రోడ్డు మీద ఎత్తుకుని తను పరుగెత్తిందట, వాళ్ళాయన ఊళ్ళో లేడు. ఆ రోజు నుంచీ ఆ పిల్ల ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా తను ఊపిరి బిగబట్టి చూస్తుందట. ఇరవై ఏళ్ళు. అందుకే ఆ పిల్లకి లోకంలో ఉన్నవన్నీ తినాలని, తాగాలని పంతమట, ఎవరికీ భయపడనని. "నేనే భయపెట్టాను," అంటోంది. "నేనే దాన్ని అంత దూరం తరిమాను." కాదమ్మా. ఈ ఊరి మొత్తంలో నీ మాటలు అర్థమయ్యేవాణ్ణి నేనొక్కణ్ణే, కాదమ్మా అని చెప్పలేనివాణ్ణీ నేనే. గిన్నె అడుగు మాడి నల్లటి పొగ లేస్తోంది.

చీకటి పడుతుండగా మలుపులో సావ్ బండి తిరిగింది. వెనక లాయ్ ఒక్కతే ఉంది. ఫోనులోంచి ఒక మూలుగు వినిపించింది, నాది కూడా అలాంటిదే ఏదో బయటికి వచ్చింది. లాయ్ దిగింది, ఒంటి కాలి చెప్పుతో పరుగెత్తుకొచ్చి ముందు పొయ్యి కట్టేసింది, తర్వాత నా ముందు కూలబడి నా మోకాళ్ళు రెండూ పట్టుకుంది.

"బతికిందయ్యా. బతికింది. హోటల్లో తనే తొడలో పొడుచుకుంది ఆ సూది, నా కళ్ళ ముందే. అక్కణ్ణుంచి ఆస్పత్రికి. గాలి పెట్టారు, సెలైన్ పెట్టారు, దద్దుర్లు తగ్గాయి. పడుకుంది." రొప్పుతోంది. "డాక్టరు హనోయ్ మనిషి. లాక్ వల్ల, లాక్ వల్ల అంటాడు. ఎవరు తప్పిపోయారు డాక్టరుగారూ అన్నాను. అప్పుడు నవ్వి చెప్పాడు." నా మొహంలోకి చూసింది. కళ్ళు నిండిపోయాయి. "నీకు తెలుసు. ఆ పిల్ల చెయ్యి అందుకే పట్టుకున్నావు. నేనే నీ వేళ్ళు విప్పాను. ఒక్కొక్కటీ నేనే విప్పాను."

ఫోనులోంచి ఆవిడ అరుస్తోంది, ఎవరది, ఏమంటోంది, చెప్పండి, ఎవరైనా చెప్పండి. లాయ్ ఉలిక్కిపడి చూసింది. ఆ మొహం చూడగానే తల్లి అని పోల్చుకుంది, ఫోను రెండు చేతుల్లోకి తీసుకుంది. "అమ్మా, ఏం ఫరవాలేదు తల్లీ, మీ పిల్ల బాగుంది, హాయిగా పడుకుంది!" అని గట్టిగట్టిగా చెబుతోంది, మా భాషలోనే. అవతల అర్థం కావడంలేదని, అరచేతులు జోడించి చెంప కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల పక్కకి వాల్చి చూపించింది. పడుకుంది అని.

ఆవిడ పెట్టిన కేక సందు కిందిదాకా వినిపించి ఉంటుంది.

లాయ్ బిత్తరపోయింది. "ఏమైంది? పడుకుందనేగా చెప్పాను." మళ్ళీ చూపించింది, ఇంకా బాగా, కళ్ళు గట్టిగా మూసి, తల ఇంకా వాల్చి. వద్దు లాయ్. అలా చూపించకు. ఇద్దరు ఆడవాళ్ళూ ఏడుస్తున్నారు, ఇద్దరి మాటలూ నాకు అర్థమవుతున్నాయి, ఇద్దరి మధ్యా నేనున్నాను, దారికి అడ్డంగా పడిన దుంగలాగా. ఎడమ చెయ్యి చాపి ఫోను పట్టుకున్నాను. లాయ్ ఈసారి నా వేళ్ళు విప్పలేదు. మొహానికి దగ్గరగా, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా తెచ్చుకున్నాను. పళ్ళు బిగించి, ముక్కుతో గాలి పీల్చాను, శబ్దం వచ్చేలా, ఛాతీ నిండా. వదిలాను. మళ్ళీ పీల్చాను. వదిలాను. ఆవిడ ఏడుపు ఆపలేదు. మళ్ళీ పీల్చాను. కుడివైపు ఊపిరితిత్తి కూడా నా మాట వింటుందని నాకు అప్పుడే తెలిసింది. లాయ్ నన్ను చూసి, ఒక క్షణం ఆలోచించి, తన గుండె మీద చెయ్యి వేసుకుని నా పక్కన మోకరిల్లి తనూ మొదలుపెట్టింది, లోపలికి, బయటికి, లోపలికి, బయటికి.

"ఊపిరా?" అంది ఆవిడ. "ఊపిరి ఉందా? తీసుకుంటోందా?"

మేమిద్దరం తీసుకుంటూనే ఉన్నాం.